పోయే దారి ఉంది... చేరే చోటేదీ?

గిరాకీ తగ్గితే లాభమూ తగ్గుతుందన్నది కిరాణా కొట్టు నుంచి కర్మాగారం దాకా అందరికీ తెలిసిన లెక్క. మన దేశంలో మొబైల్ కంపెనీలు ఆ లెక్కను తిరగరాశాయి. 2024 జులై మొదటివారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ కూడబలుక్కున్నట్లు ఒకదాని వెంట ఒకటి ఛార్జీలు పెంచేశాయి. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో రిలయన్స్ జియో చందాదారుల సంఖ్య కోటీ తొమ్మిది లక్షల మేర తరిగిపోయింది. మరో వ్యాపారంలో అయితే ఇంత మంది వెళ్లిపోతే యాజమాన్యానికి నిద్ర పట్టదు. జియో నికర లాభం మాత్రం అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 23 శాతం పెరిగి రూ.6,231 కోట్లకు చేరింది. ఒక్కో చందాదారు నుంచి నెలకు సగటున వచ్చే రాబడి రూ.181.70 నుంచి రూ.195.10కి ఎగబాకింది. పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లే ఆ లోటు పూడ్చి, పైన లాభం కూడా కట్టబెట్టారన్నమాట!

సరిహద్దు జిల్లాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇది ఎక్కడో బొంబాయి షేర్ మార్కెట్ ముచ్చట కాదు. హోసూరు, గుడియాత్తం, బాగేపల్లి, పావగడ, బళ్లారి, రాయచూరు, సిరోంచ, షోలాపూర్, రాయగడ, పర్లాకిమిడి... ఊరు ఏదైతేనేం, ఒక కాలు ఇక్కడా ఒక కాలు అక్కడా పెట్టి బతికే కుటుంబాలకు ఫోను విలాసం కాదు. పొలం ఒక రాష్ట్రంలో, పిల్లల చదువు మరో రాష్ట్రంలో, చుట్టరికాలు రెండు వైపులా ఉన్నవారికి అదే వారధి. ఆ వారధికి సుంకం ఎంత, వద్దనుకుంటే మరో వారధి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

చందాదారులు ఒక కంపెనీని వదిలి వెళ్లిపోవడాన్ని ఆ వ్యాపారంలో 'చర్న్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే వలస. నూరుగురు చందాదారుల్లో నెలకు నలుగురు వెళ్లిపోతుంటే ఒక్కొక్కరు సగటున 25 నెలలు ఉన్నట్లు లెక్క. ఇద్దరే వెళ్తే ఆ కాలం 50 నెలలకు పెరుగుతుంది. కొత్త చందాదారును తెచ్చుకోవాలంటే దుకాణదారు కమీషను, సిమ్ము ఖర్చు, ధ్రువీకరణ, ప్రకటనలు, తొలి రాయితీలు అన్నీ కంపెనీ ముందుగానే పెట్టుకోవాలి. ఆ ఖర్చు రాబట్టుకునే లోపే చందాదారు గోడ దూకితే అంతా బూడిదలో పోసిన పన్నీరే. కొత్తవారిని చేర్చుకోవడం ఎంత ముఖ్యమో, పాతవారిని నిలుపుకోవడం అంతకన్నా ముఖ్యం అనేది అందుకే.

2025 జనవరి-మార్చి లెక్కలు చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. ఎయిర్‌టెల్ నుంచి నెలకు నూటికి 2.3 మంది చొప్పున వెళ్లిపోగా, ఒక్కొక్కరి సగటు నెలసరి రాబడి రూ.245. వొడాఫోన్ ఐడియా నుంచి నూటికి 4.1 మంది వెళ్లిపోగా, యంత్రాల్లో వాడే సిమ్ములు మినహాయిస్తే రాబడి రూ.175. ఈ వేగమే కొనసాగితే మొదటి కంపెనీకి ఒక చందాదారు ఉన్నన్నాళ్లూ కలిపి పది వేల రూపాయల పైచిలుకు ఇస్తాడు. రెండో కంపెనీకి దక్కేది నాలుగు వేల పైచిలుకే. అదే టవరు, అదే స్పెక్ట్రం, అదే కరెంటు బిల్లు. ఒకరికి మూడు పువ్వులూ ఆరు కాయలు, మరొకరికి అప్పుల కుప్ప. వలస రేటుకున్న బలం అంతటిది!

ఈ స్థితికి ఒక్కరోజులో చేరుకోలేదు. 1995 జులై 31న కలకత్తా నుంచి అప్పటి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కు ఫోను చేయడంతో దేశంలో మొబైల్ శకం మొదలైంది. అప్పట్లో వచ్చిన కాల్‌కూ డబ్బే, చేసిన కాల్‌కూ డబ్బే. 1999 టెలికాం విధానం స్థిర లైసెన్సు ఫీజుల స్థానంలో రాబడిలో వాటా పద్ధతి తెచ్చింది. 2002లో బీఎస్ఎన్ఎల్ మొబైల్ రంగంలోకి దిగింది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అక్కణ్నుంచి సెల్‌ఫోను కూలీనాలీ జనం చేతికి వచ్చింది. 2009లో సెకనుకు పైసా లెక్కతో టాటా డొకోమో రంగప్రవేశం చేశాక ధరల యుద్ధం పతాక స్థాయికి చేరింది.

ఆ రోజుల్లో సరిహద్దు ఊళ్ల బాధలు వేరు. లైసెన్సులూ స్పెక్ట్రమూ సర్కిళ్ల వారీగా ఇవ్వడంతో రాష్ట్రం గీతే ఫోనుకూ గీతైంది. పాతపట్నం దాటి పర్లాకిమిడిలో అడుగు పెడితే రోమింగ్. హిందూపురం నుంచి గౌరీబిదనూరు పోతే రోమింగ్. గోదావరికి ఈవల కాళేశ్వరంలో ఉంటే లోకల్, ఆవల సిరోంచలో ఉంటే పరాయి. పుదుచ్చేరి పాలనలోని యానానికి కాకినాడ ల్యాండ్‌లైన్ కోడ్ 0884 ఇవ్వగలిగిన టెలికాం శాఖ బుద్ధి, మొబైల్ దగ్గరకొచ్చేసరికి మిగతా సరిహద్దు ఊళ్ల విషయంలో పని చేయలేదు. జనం తమ దారి తాము వెతుక్కున్నారు. జేబులో రెండు సిమ్ములు పెట్టుకున్నారు. ఏరు దాటగానే ఒకటి తీసి మరొకటి వేసుకున్నారు. మిస్డ్ కాల్ కొట్టి ఊరుకున్నారు. రెండు సిమ్ముల ఫోను వచ్చినప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నది సరిహద్దు జనమే అంటే అతిశయోక్తి కాదు.

కంపెనీలు 'కొత్తొక వింత, పాతొక రోత' అన్నట్లు వ్యవహరించిందీ ఆ కాలంలోనే. కొత్త సిమ్ము తీసుకుంటే ఉచిత టాక్‌టైమ్, పాత చందాదారుకు మొండిచెయ్యి. జనం ఊరుకుంటారా? టాక్‌టైమ్ అయిపోగానే సిమ్ము పారేసి కొత్తది కొన్నారు. ఒకే మనిషి ఏడాదిలో ముగ్గురు నలుగురు చందాదారులై కంపెనీల పద్దుల్లో కనబడ్డాడు. సంఖ్య పెరిగిందని కంపెనీలు చంకలు గుద్దుకున్నాయి. లాభం మాత్రం చిల్లుకుండలో నీళ్లలా కారిపోయింది. వలస అప్పట్లో కంపెనీలకు పట్టిన జబ్బు. దానికి మూల్యం కట్టిందీ కంపెనీలే.

నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటికీ వచ్చింది. అయితే సర్కిల్ దాటితే ఆ హక్కు చెల్లేది కాదు. 2015 జులై 3 నుంచి సర్కిల్ దాటినా నంబరు వెంట తీసుకెళ్లే వీలు కలిగింది. బతుకుదెరువుకు భివండీ మరమగ్గాల వీధులకు చేరినవారికీ, కూతురి కాపురం బెంగళూరులో పెట్టించిన తల్లిదండ్రులకూ ఇది నిజమైన మేలు. 1900కు ఎస్ఎంఎస్ కొట్టి కోడ్ తెచ్చుకుంటే చాలు. 2019 డిసెంబరులో సవరించిన నిబంధనల ప్రకారం అదే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాల్లో, సర్కిల్ మారితే అయిదు పనిదినాల్లో మార్పిడి పూర్తి కావాలి. 2024లో నెలకు కోటికి పైగా ఇలాంటి దరఖాస్తులు వచ్చాయంటే ఈ హక్కును జనం ఎంతగా వాడుకుంటున్నారో వేరే చెప్పనవసరం లేదు.

కానీ హక్కు బలపడుతున్న కొద్దీ చేరే చోట్లు కరిగిపోయాయి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో ఉచిత కాల్స్‌తో జియో వచ్చి పడింది. సరిహద్దు జనం ఏళ్ల తరబడి అడిగిన రోమింగ్ రద్దు ఆ పోటీలోనే సాధ్యమైంది. 2017 ఏప్రిల్ నుంచి ఎయిర్‌టెల్ కూడా దేశంలో రోమింగ్ ఛార్జీలు ఎత్తేసింది. ఆ మేలును కాదనలేం. అదే పోటీకి తట్టుకోలేక కంపెనీలు ఒక్కొక్కటే బోర్డు తిప్పేశాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో మొబైల్ కాల్స్ సేవలకు స్వస్తి చెప్పింది. తమిళనాట బలంగా ఉన్న ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో దివాలా ప్రకటించింది. సిగ్నల్ ఆగిపోయి, పోర్టు కోడ్ కోసం లక్షల మంది దుకాణాల ముందు పడిగాపులు పడ్డారు. టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న ఒక్కటయ్యాయి. డజను దాకా ఉన్న కంపెనీల్లో చివరికి మిగిలినవి ప్రైవేటులో మూడు, ప్రభుత్వానికి ఒకటి.

అసలు మలుపు ఇక్కడే ఉంది. 2018 చివర్లో ప్రైవేటు కంపెనీలు కనీస రీఛార్జి నిబంధన తెచ్చాయి. నెలకు రూ.35 వేయించకపోతే సేవలు ఆగిపోతాయన్నాయి. 2005-06లో రూ.999 కట్టించుకుని 'జీవితకాలం ఇన్‌కమింగ్' అంటూ ఊదరగొట్టిన రంగమే ఇది! ఆ జీవితకాలం పన్నెండేళ్లకే నిండిపోయింది. 2018 డిసెంబరుతో ముగిసిన త్రైమాసికంలో ఎయిర్‌టెల్ నాలుగున్నర కోట్లకు పైగా చందాదారులను వదులుకుంది. అప్పటికి దాని సగటు రాబడి రూ.104. ఆరేళ్లు తిరిగేసరికి అదే రూ.245 అయింది. తక్కువ ఇచ్చేవాడు పోతే పోనీ, ఎక్కువ ఇచ్చేవాడు ఉంటే చాలు అన్నదే ఈ కొత్త వ్యాపార నీతి. ఒకప్పుడు వలసను చూసి కంపెనీ భయపడేది. ఇప్పుడు బీద చందాదారు వలసను కంపెనీయే కోరుకుంటోంది.

ఇందులో కంపెనీల తప్పు తప్ప మరేమీ లేదనుకోవడమూ పొరపాటే. చవక ధరలు కలకాలం సాగవని వొడాఫోన్ ఐడియా గతి చెబుతోంది. విలీనం నాటికి 40 కోట్లకు పైగా ఉన్న దాని చందాదారులు 2025 మార్చి నాటికి 20 కోట్ల లోపుకు పడిపోయారు. ఆ ఆర్థిక సంవత్సరంలో నష్టం రూ.27 వేల కోట్లు దాటింది. రాబడిలో వాటా లెక్కపై 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో నెత్తిన పడిన బకాయిలు దాన్ని కుంగదీశాయి. 2025 ఏప్రిల్‌లో రూ.36,950 కోట్ల బకాయిలను వాటాగా మార్చుకుని కేంద్రం దాదాపు 49 శాతానికి యజమాని అయింది. డబ్బు లేని కంపెనీ టవర్లు వేయలేదు. టవర్లు లేకపోతే చందాదారు ఉండడు. చందాదారు లేకపోతే డబ్బు రాదు. ఈ విషవలయంలో చిక్కిన కంపెనీ రేపు చేతులెత్తేస్తే మిగిలేది ఇద్దరు ప్రైవేటు దొరలే. కనుక కంపెనీలకు లాభం రాకూడదని ఎవరూ అనరు. ఆ లాభం మెరుగైన సేవలతో రావాలా, జనానికి వేరే దిక్కు లేకపోవడంతో రావాలా అన్నదే ప్రశ్న.

వేరే దిక్కు ఉంటే జనం ఏం చేస్తారో 2024లోనే తేలిపోయింది. ఛార్జీలు పెరిగిన జులైలో బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షలకు పైగా, ఆగస్టులో 25 లక్షలకు పైగా చందాదారులు కొత్తగా పెరిగారు. నవంబరు వచ్చేసరికి అదే సంస్థ మూడు లక్షలకు పైగా కోల్పోయింది. ధర చూసి వెళ్లినవాళ్లు సిగ్నల్ చూసి వెనక్కి వచ్చారు. 4జీ పనులను ఏళ్ల తరబడి నాన్చిన పాపం ఇది. అయినా 2024 అక్టోబరు-డిసెంబరులో బీఎస్ఎన్ఎల్ రూ.262 కోట్ల లాభం చూపింది. 2007 తరవాత ఆ సంస్థ లాభం ముఖం చూడటం అదే మొదలు. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రధాని 97,500 టవర్లతో స్వదేశీ 4జీని ప్రారంభించారు. ఆ టవర్లు ప్రకటనల్లో కాకుండా కొరాపుట్ కొండల్లో, సిరోంచ అడవుల్లో పలకాలి. అప్పుడే ప్రైవేటు కంపెనీలకు వలస భయం మళ్లీ పుడుతుంది.

సరిహద్దు గ్రామానికి ఇంకో చిక్కుంది. కంపెనీలూ, నియంత్రణ సంస్థ ట్రాయ్ వెల్లడించే చందాదారుల లెక్కలన్నీ సర్కిళ్ల వారీగానే ఉంటాయి. ప్రతి సర్కిల్‌కూ సరిహద్దు తాలూకా చిట్టచివరి అంచే. బెంగళూరు రాబడి ముందు పావగడ ఎంత? చెన్నై ముందు గుడియాత్తం ఎంత? భువనేశ్వర్ ముందు రాయగడ ఎంత? అక్కడ వెయ్యి మంది విసిగి సిమ్ము మార్చినా సర్కిల్ సగటులో ఈగ వాలినట్లు కూడా ఉండదు. నగరంలో చందాదారు అలిగితే కంపెనీకి నష్టం. సరిహద్దు పల్లెలో అలిగితే నష్టం అతనికే. నాలుగు కంపెనీల పేర్లున్నా ఊళ్లో పలికేది ఒక్కటే అయినప్పుడు పోర్టబిలిటీ కాగితం మీద హక్కుగానే మిగులుతుంది.

అందుకే రోమింగ్ పోయినా రెండో సిమ్ము పోలేదు. ఇంటి దగ్గర ఒకటి పలుకుతుంది, పని దగ్గర మరొకటి. 2024 జులై పెంపుతో ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస అపరిమిత ప్యాకు రూ.199 అయింది. నెలకు 28 రోజులే గనుక కంపెనీల క్యాలెండర్‌లో ఏడాదికి పదమూడు నెలలు. ఒక సిమ్ముకు రూ.2,587. అలాంటి సిమ్ములు రెండుంటే అయిదు వేలు దాటుతుంది. ఇంట్లో మూడు ఫోనులుంటే ఇక చెప్పేదేముంది? పోనీ ఒకటి వదిలేద్దామంటే ఆ నంబరే బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, రేషన్ కార్డుకు ముడిపడి ఉంటుంది. వాడకం లేని నంబరును రద్దు చేశాక కనీసం 90 రోజులు ఆగి మరొకరికి ఇవ్వొచ్చని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకే తెలిపింది. బ్యాంకు ఓటీపీ ఊరూ పేరూ తెలియని వ్యక్తి ఫోనుకు పోతే కలిగే నష్టం రెండొందల రీఛార్జితో పోయేది కాదు.

పరిష్కారాలు లేకపోలేదు. ఏ ప్రాంతంలో ఏ సేవ అందుతుందో మ్యాపుల రూపంలో కంపెనీలు ప్రకటించాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో ఆదేశించింది. ఆ మ్యాపులు వెబ్‌సైట్ల మూలన పడి ఉంటే ప్రయోజనం లేదు. తాలూకా వారీగా, సరిహద్దుకు రెండు వైపులా ఏ కంపెనీ ఎంత పలుకుతుందో తనిఖీ చేసి పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలి. డేటా అక్కర్లేని వారికి కాల్స్, ఎస్ఎంఎస్‌లతోనే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించగా, 2025 జనవరిలో కంపెనీలు వాటిని తెచ్చాయి. వాటి గడువు ఏడాది దాకా ఉండొచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో కనీసం రూ.20 ఉంటే వాడకం లేదన్న కారణంతో నంబరు రద్దు చేయకూడదన్న నిబంధన 2013లోనే వచ్చింది. 30 రోజుల ప్యాకు ఒకటైనా ఉండాలని 2022లో ఆదేశాలున్నాయి. ఇన్ని ఉండీ సామాన్యుడికి తెలియకపోవడమే విడ్డూరం. ప్రతి రీఛార్జి దుకాణం ముందూ ఈ వివరాలు స్థానిక భాషతో పాటు, తెలుగువారు ఎక్కువగా ఉన్న చోట తెలుగులోనూ రాసి పెట్టించడం కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. ఫిర్యాదు చేయడానికి ఫోను చేస్తే తెలుగులో జవాబు చెప్పే మనిషి ఉండాలన్నది గొంతెమ్మ కోరికా కాదు.

కంపెనీల రాబడిలో 5 శాతం మారుమూల ప్రాంతాల సేవల నిధికి జమవుతోంది. 2023 టెలికాం చట్టంతో దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మారింది. పేరు మారితే చాలదు, తీరూ మారాలి. రెండు సర్కిళ్ల మధ్య ఎవరికీ పట్టని ఊళ్లను గుర్తించి టవర్లకు ఆ నిధి నుంచే ఖర్చు పెట్టాలి. ఒకరి టవరును మరొకరు పంచుకునేలా చేస్తే భారం తగ్గుతుంది. గ్రామ పంచాయతీలు సిగ్నల్ లేని వీధుల జాబితాతో తీర్మానాలు చేసి పంపితే, ఎంపీలు వాటిని పార్లమెంటులో అడిగితే, సర్కిల్ సగటు చాటున దాగిన నిజం బయటపడుతుంది.

చందాదారు పోకుండా చూసుకోవడం ఏ కంపెనీకైనా తప్పు కాదు. బాగా పలికే ఫోను, సరైన బిల్లు, అడిగితే తమ భాషలో జవాబు... వీటితో కట్టిపడేస్తే వచ్చే లాభాన్ని ఎవరూ వేలెత్తి చూపరు. చేరే చోటు లేక ఆగిపోయినవాణ్ని నమ్మకమైన చందాదారుగా లెక్కేసుకుంటే అది ఆత్మవంచన. కంపెనీలు మురిసిపోతున్న తక్కువ వలస రేటులో సంతృప్తి ఎంత, నిస్సహాయత ఎంత అన్నది ట్రాయ్ తేల్చాలి. ఆ పని సరిహద్దు తాలూకాల నుంచే మొదలుపెట్టాలి.